‘సూపర్’ అన్నాక ఇంకేమైనా చెప్పాలి కదా!

మన ఇళ్ళలో ఫోటో చూడగానే వచ్చే మాటలు రెండే రకాలు. ఒకటి ‘సూపర్’. ‘నైస్’, ‘దిష్టి తీయించుకోండి’, బొటనవేలు బొమ్మ, ఎర్ర గుండె బొమ్మ, ఇవన్నీ దాని చుట్టాలే. రెండో రకం, ‘అయ్యో, ఇలా చిక్కిపోయావేంటే?’, ‘బాగా ఒళ్ళు చేశావు’, ‘ఎండలో తిరిగావా, నల్లబడ్డావు’, ‘ఆ చీర మీ పెద్దమ్మ పెట్టిందేనా?’. మొదటి రకంలో ఫోటోను సరిగ్గా చూడకుండానే మెచ్చేసుకుంటాం. రెండో రకంలో ఫోటోను దాటుకుని వెళ్ళి అందులో ఉన్న మనిషి మీద పడతాం. మధ్యలో ఆ ఫోటో, దాన్ని తీసిన మనిషి, ఇద్దరూ అనాథల్లా మిగిలిపోతారు.

ఇందులో పెద్దగా పోయేదేముంది, ఫోటోయే కదా అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్నేమో, మా బావగారి అబ్బాయి సంగతి తెలియకపోతే.

వాడు బీటెక్ చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఏదో కంపెనీలో చేసి, మనసు కుదరక పేటకి వచ్చేశాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తానన్నాడు. మా తోటికోడలు అక్క తన నానుతాడు బ్యాంకులో పెట్టి కెమెరాకి డబ్బు సర్దింది. మా బావగారు ఆ రోజు నుంచి కొడుకుతో సూటిగా మాట్లాడటం మానేశారు. ‘వాడు అన్నం తిన్నాడో లేదో అడుగు’ అని అక్కతో అనడమే. ఆ ఇంట్లో ఏడాదిగా ఇద్దరి మధ్య మాటలన్నీ అక్క మీదుగానే నడుస్తున్నాయి.

వాడు తీసిన ఫోటోలన్నీ కుటుంబం గ్రూపులో పెట్టేవాడు. మాది పెద్ద కుటుంబం. పెట్టిన ఐదు నిమిషాల్లో ముప్పై ‘సూపర్’లు పడేవి. ఒకరోజు మధ్యాహ్నం, నేను గిన్నెలు సర్దుకుని కూర్చునే వేళకి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. “పిన్నీ, నువ్వైనా నిజం చెప్పు. అందరూ సూపర్ అంటున్నారు. ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి మాత్రం ఎవరూ పిలవట్లేదు” అన్నాడు.

ఆ మాట వినగానే నాకు అక్క మెడ గుర్తొచ్చింది, పసుపుతాడు మాత్రమే ఉన్న మెడ.

నాకు కెమెరా గురించి ఏం తెలుసు? అపెర్చర్ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. కానీ ఒక ఫంక్షన్‌లో ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం వస్తుందో, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మొహం కనబడకపోతే ఎవరు చిన్నబుచ్చుకుంటారో బాగా తెలుసు. వాడు చూపించినవి ఒక ఓణీల ఫంక్షన్ ఫోటోలు, ఆరువందలకు పైనే. “ఇన్ని నేను చూడలేను నాన్నా. నీకు బాగా నచ్చినవి పది తీసిపెట్టు, అవే చూస్తాను” అన్నాను. ఆ పది తీయడానికి వాడికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నేనేమీ చెప్పకుండానే వాడికి సగం విషయాలు తెలిసినట్టున్నాయి. “ఇది ఇప్పుడు చూస్తే అంత బాలేదు పిన్నీ” అని వాడే రెండు మూడు పక్కన పెట్టేశాడు.

మొదటి ఫోటోలో ఆ పిల్ల మామిడిచెట్టు కింద నిలబడి ఉంది. సాయంత్రం ఎండ వెనక నుంచి పడి జడకుచ్చుల అంచులు మెరుస్తున్నాయి. పిల్ల కెమెరా వైపు చూడట్లేదు, పక్కన ఎవరితోనో నవ్వుతోంది. “ఇది చాలా బాగుంది. ఎందుకంటే ఆ పిల్ల ఫోటో కోసం నవ్వినట్టు లేదు, జడ మీద పడిన ఆ వెలుగు పండగలాగా ఉంది” అన్నాను. వాడు నా వంక ఆశ్చర్యంగా చూశాడు. ఏడాదిలో ‘ఎందుకు బాగుందో’ వాడికి ఎవరూ చెప్పలేదట!

నాలుగో ఫోటో మేనత్త హారతి ఇవ్వడం. పళ్ళెం, కర్పూరం, గాజులు, అన్నీ తేటగా ఉన్నాయి. పైకెత్తిన చెయ్యి అడ్డం వచ్చి ఆవిడ మొహం లేదు. “పళ్ళెం ఎలాంటిదో తెలుస్తోంది, పట్టుకున్న మనిషి ఎవరో తెలియట్లేదు” అన్నాను. ఆరో ఫోటోలో వరసగా కూర్చున్న పేరంటాళ్ళందరూ కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉన్నారు. పైన వేసిన షామియానా పసుపు రంగుది, ఆ రంగంతా మొహాల మీదకి దిగింది. పదో ఫోటో అయ్యాక అడిగాను, “ఒరేయ్, ఆ పిల్లకి అమ్మమ్మ లేదా?” అని. ఉంది. ఆరువందలు వెతికితే నాలుగు ఫోటోల్లో దొరికింది, నాలుగింట్లోనూ అంచున, సగం భుజం, సగం మొహం. “నీకు డబ్బులిచ్చేది ఆ అమ్మమ్మ కొడుకు కదరా” అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఫోటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ కూర్చున్నాడు. నేను టీ పెట్టడానికి లేచాను.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద చాలా ఆలోచించాను. ఒకరి ఫోటో గురించి మంచిగా, వాళ్ళకి పనికొచ్చేలా ఎలా మాట్లాడాలి? చిత్రంగా, నాకు సాయపడింది డిగ్రీలో చదివిన తెలుగే. ఆ రోజుల్లో అలంకారశాస్త్రం అంటే పరీక్షకి బట్టీ కొట్టే వ్యవహారం. ఇప్పుడు చూస్తే అందులో ఉన్నదంతా ఎదుటివాడు చేసిన పనిని ఎలా చూడాలనే. మమ్మటుడు కావ్యప్రకాశంలో 10 ఉల్లాసాలు రాస్తే ఏడోదంతా దోషాలకే ఇచ్చాడు, ఆ వెంటనే ఎనిమిదోది గుణాలకి. దోషాన్ని కూడా పేరు పెట్టి, రకాలు చేసి, ఇది ఇక్కడ దోషం, ఇదే మరోచోట దోషం కాదు అని విడమర్చారు మన పెద్దలు. ‘బాలేదు’ అని ఒక్క మాటలో తేల్చేయడం వాళ్ళకి తెలియదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో ఉన్న క్షేమేంద్రుడైతే ఔచిత్యం అనే ఒక్క మాట పట్టుకుని పుస్తకమే రాశాడు. ఎక్కడ ఉండాల్సింది అక్కడ ఉందా లేదా అన్నదే ఆయన ప్రశ్న. వడ్డాణం మెడలో వేసుకుంటే బంగారమే అయినా నవ్విపోతారు కదా! ఓణీల ఫంక్షన్ ఫోటోల్లో అమ్మమ్మ అంచుకి పోవడం కూడా ఔచిత్యభంగమే. పిల్ల జడలో అలంకారం ఉంది, ఆల్బంలో ఔచిత్యం లేదు.

ఇంకో మాట కూడా ఆ చదువులోదే, సహృదయుడు. కవి మనసుతో తన మనసు కలిపి చదివేవాడు. ఫోటో చూసే మనిషికీ అదే కావాలి. తీసినవాడు ఏం చూసి ఆగాడో, ఏది మనకి చూపించాలనుకున్నాడో ముందు అక్కడికి మనం వెళ్ళాలి. అందుకే ఇప్పుడు ఎవరు ఫోటో చూపించినా నేను మొదట అడిగేది ఒకటే, “ఇందులో నువ్వు ఏం చూపించాలనుకున్నావు?” అని. ఆ జవాబు తెలియకుండా ఇచ్చే సలహా గాలిలో రాయే. మా కోటప్పకొండ తిరునాళ్ళనే చూడండి. శివరాత్రికి కావూరు నుంచి, పురుషోత్తమపట్నం నుంచి, మద్దిరాల, యడవల్లి నుంచి ప్రభలు వెళతాయి. 80, 90 అడుగుల ఎత్తు ప్రభ, ఒళ్ళంతా కరెంటు దీపాలు. ఒకడు ఆ దీపాల అందం చూపించాలనుకుంటాడు. వాడికి చెప్పాల్సింది, ఫోన్‌లో దీపాల మీద వేలు పెట్టి వెలుతురు కాస్త తగ్గించు, లేకపోతే దీపాలన్నీ కలిసి తెల్లటి ముద్ద అవుతాయి అని. ఇంకొకడు ప్రభ ఎంత ఎత్తో చూపించాలనుకుంటాడు. వాడికి ఆ సలహా పనికిరాదు. ప్రభ అడుగున తాళ్ళు పట్టుకున్న మనుషుల్ని కూడా ఫోటోలోకి రానివ్వు, అప్పుడే ఎత్తు తెలుస్తుంది అని చెప్పాలి. మరీ దగ్గర నిలబడి పైకెత్తి తీస్తే ప్రభ వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది, నాలుగడుగులు వెనక్కి జరగమని చెప్పాలి. ప్రభ ఒకటే, ఫోటోలు రెండు, చెప్పే మాటలు వేరు.

ఇలా ఒకరి ఫోటోలు ఒకరు చూసి మాట్లాడుకోవడం కొత్త సంగతేం కాదు. మన గుంటూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1857లో, మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టుకున్నారు. అలాంటి సంఘాలకి మనలాంటి వాళ్ళం వెళ్ళేది లేదు. మనకున్న సంఘం మన వంటిల్లు, మన వరండా, మన ఫోను. అక్కడే మొదలుపెట్టాలి.

మరి ఏం చూడాలి? నాకు తెలిసినంతలో, మా వాడి దగ్గర నేర్చుకున్నంతలో చెబుతాను. ఇవన్నీ మనం ఇంట్లో కూర్చునే పట్టుకోగలిగినవే.

మొదటిది వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడండి. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది, తెలుపు నలుపు సినిమా. ఈ రోజుకీ వెన్నెల అంటే అందులోని వెన్నెలే గుర్తొస్తుంది. దాని వెనక ఉన్నది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. వెలుగుని అర్థం చేసుకున్నవాడి చేతిలో కెమెరా అలా ఉంటుంది. మన ఫోటోల్లో ఎక్కువ చెడగొట్టేది మిట్టమధ్యాహ్నపు ఎండ. నెత్తి మీద నుంచి పడి కళ్ళ కింద గుంటల్లో నీడ చేస్తుంది, పాతికేళ్ళ పిల్ల కూడా నాలుగు రోజులు జాగారం చేసినట్టు కనిపిస్తుంది. ‘మొహం పీక్కుపోయింది’ అని మనం పిల్లనంటాం, తప్పు ఎండది. “వసారాలోకి జరిపి తీసుంటే కళ్ళు మెరిసేవి” అంటే ఆ మాట తీసినవాడికి పనికొస్తుంది, దిగిన పిల్ల మనసూ నొచ్చుకోదు.

రెండోది తల వెనక ఏముందో చూడండి. పెళ్ళికూతురి నెత్తిలోంచి మొలిచిన కరెంటు స్తంభం, పీటల వెనక వేలాడే తువ్వాలు, వాటర్ బాటిళ్ళ పెట్టె. తీసేటప్పుడు మనసంతా మనిషి మీద ఉంటుంది కాబట్టి ఇవి కంటికి ఆనవు. చూసేవాళ్ళకి ముందు అవే కనబడతాయి. ఒక అడుగు పక్కకి జరిగితే పోతాయి. ఇంత తేలిగ్గా దిద్దుకునేది ఇంకోటి లేదు, అయినా ఎవరూ చెప్పరు.

మూడోది అంచులు. మణికట్టు దగ్గరో, మోకాలి దగ్గరో, చీలమండ దగ్గరో సరిగ్గా తెగిపోతే మనిషికి ఏదో లోటు ఉన్నట్టనిపిస్తుంది. పాదాలు వదిలేయదలుచుకుంటే నడుం వరకే తీయమనండి. పెళ్ళికూతురి కాళ్ళకి పారాణి పెట్టి, మట్టెలు తొడిగి, ఇంత హడావిడి చేశాక పాదాలు కోసేస్తే ఎలా?

ఇక ఫోను ఫోటోల సంగతి. మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతాయి. రెండడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ చేస్తే మొహం మొహంలా ఉంటుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకదంతా మసకేసేటప్పుడు ఒక్కోసారి జడలో మల్లెపూల అంచులు, బుట్టకమ్మల అంచులు కూడా మసకలో కలిపేస్తుంది. పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో బరువు తగ్గించి పంపుతుంది, కాబట్టి ‘మసగ్గా ఉంది’ అనే ముందు అసలు ఫోటో చూశామా లేదా చూసుకోవాలి. డాక్యుమెంటుగా పంపమంటే ఉన్నదున్నట్టు వస్తుంది. అన్నిటికన్నా ముందు, లెన్సు మీద వేలి జిడ్డు. పప్పు పోపు పెట్టిన చేత్తో ఫోను పట్టుకుని, ఫోటో మంచు పట్టినట్టుందని కెమెరాని తిట్టే ఇల్లు మాదొక్కటే అనుకోను!

ఇన్ని తెలుసు కదా అని అన్నీ ఒకేసారి చెప్పేస్తే వినేవాడు కెమెరా మూలన పెడతాడు. ఒక ఫోటోకి ఒక గుణం, ఒక దోషం. ఇదే నేను పెట్టుకున్న లెక్క. ఆ దోషం కూడా వచ్చేసారికి దిద్దుకోగలిగింది అయ్యుండాలి. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యం గింజలు గీతల్లా సాగిపోతే, “షట్టరు వేగం పెంచుకో, 500వ వంతు సెకనులో తీస్తే గింజలు ముత్యాల్లా గాలిలో ఆగుతాయి” అని మా వాడే ఇప్పుడు తన దగ్గర పనిచేసే కుర్రాడికి చెబుతుంటాడు. అది పనికొచ్చే మాట. ‘అసలు ఆ కల్యాణమండపమే బాలేదు’ అంటే వాడేం చేస్తాడు, మండపం మార్చుకొస్తాడా?

మా వైపు మిరపకాయలు కల్లాల్లో ఎండేటప్పుడు ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరతారు, చూశారా? తెల్లమచ్చ పడిన కాయ, రంగు తిరిగిన కాయ ఒక్కొక్కటే తీసి పక్కన పోస్తారు. పంట మీద కోపంతో ఏరరు, మంచి కాయకి మంచి ధర రావాలని ఏరతారు. ఆ తాలు కూడా పారబోయరు, దానికీ తక్కువో గొప్పో రేటు ఉంటుంది. ఫోటోలో తప్పు చెప్పేటప్పుడు మన చెయ్యి అలా ఉండాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. ఫోటో గురించి చెప్పండి, ఒంటి గురించి చెప్పకండి. ‘లావయ్యావు’, ‘నల్లబడ్డావు’ అనే మాటలు మనకి కొత్తకాదు. పెళ్ళిచూపులకి ముందు స్టూడియోలో దిగిన ఫోటో ఒకటి ఊళ్ళన్నీ తిరిగి, ఎవరెవరి చేతుల్లోనో పడి, ఏ మాటలు మూటగట్టుకుని వెనక్కి వచ్చేదో మన వయసువాళ్ళకి చెప్పాలా? అదే మాటలు ఇప్పుడు మన పిల్లల ఫోటోల కింద మనమే రాస్తున్నాం. ఆ పిల్లలు ఏం చేస్తున్నారు? మొహాన్ని తెల్లగా, చెంపల్ని సన్నగా చేసే ఫిల్టరు పెట్టుకోకుండా ఒక్క ఫోటో కూడా దిగట్లేదు. ఇంటర్ చదివే పిల్లలు, నవ్వితే పళ్ళు కనబడతాయని నోరు మూసుకుని నవ్వుతున్నారు. అందులో మన వాటా లేదంటారా?

ఫోటో అంటే ఆడవాళ్ళకి ఎప్పుడూ ఇంకొకళ్ళ చూపుతో ముడిపడిన వ్యవహారమే. హైదరాబాదులో ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఘోషాలో ఉండే స్త్రీలు పరాయి మగవాడి ఎదుట పడకుండా ఫోటో దిగేందుకు, ఒక ఆంగ్లేయ మహిళకి దాన్ని అప్పగించారు. కెమెరా వెనక ఉన్నది ఎవరన్నది ముందున్న మనిషికి ఎంత ముఖ్యమో ఆయనకి తెలుసన్నమాట. మన గ్రూపులకి జనానా గోడలు లేవు. మామగారు, మరిది, ఆడబిడ్డ భర్త, అందరూ ఉంటారు. అక్కడ ఒక ఆడపిల్ల ఒంటి గురించి నలుగురిలో వేసే జోకు ఆ పిల్లకి ఎంతకాలం గుర్తుంటుందో మనకి తెలియంది కాదు.

దిగినవాళ్ళ మాట వినడం గురించి మా ఇంట్లో ఈ మధ్యే ఒక చర్చ నడిచింది. మా అమ్మాయి వాళ్ళ నానమ్మ ఫోటో తీసింది. ఫిబ్రవరి నెల, డాబా మీద ఇంటికి సరిపడా మిరపకాయలు ఆరబోసుకున్నాం. మా అత్తగారు వాటి మధ్య గొంతుకూర్చుని తొడిమలు తీస్తున్నారు. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడి ఆవిడ మొహంలో ప్రతి ముడతా కనబడుతోంది, చుట్టూ ఎరుపు. నిజంగా ఎంత బాగుందో! పిల్ల దాన్ని పోటీకి పంపుతానంది. అత్తగారు చూసి, “ఇది ఎవరికీ చూపించకే” అన్నారు. ముడతల గురించేమో అనుకుని మా అమ్మాయి, “ముడతలే అందం నానమ్మా” అని ఉపన్యాసం మొదలుపెట్టింది. ఆవిడ మధ్యలోనే ఆపారు. “ముడతలకేం, ఉంటే ఉండనీ. ఆ చంక దగ్గర జాకెట్టు చిరుగు చూడు. నలుగురూ ఏమనుకుంటారు, ఇంట్లో ముసలిదానికి జాకెట్టు గుడ్డ కూడా కొనిపెట్టరా అనుకోరూ?”

మేమిద్దరం ఆ ఫోటోని పదిసార్లు చూసి ఉంటాం. ఆ చిరుగు మాకు కనబడలేదు.

మర్నాడు ఆవిడే మంచి నేతచీర కట్టుకుని, జుట్టు దువ్వుకుని వచ్చి అదే చోట కూర్చున్నారు, “ఇప్పుడు తియ్యవే” అని. తీసింది. మొదటిదానంత బాగా రాలేదు. ఆవిడ కెమెరా వంక చూస్తూ బిగుసుకుని కూర్చున్నారు, చేతిలో మిరపకాయ ఊరికే పట్టుకున్నట్టుంది. మా అమ్మాయి నన్ను అడిగింది, “అమ్మా, ఏది పంపను?” అని. ఫోటోగా మొదటిదే గొప్పది, అందులో సందేహం లేదు, అదే చెప్పాను. కానీ అది పంపే హక్కు నీకు లేదు, అది కూడా చెప్పాను. పిల్ల రెండు రోజులు ముభావంగా ఉంది. పోటీకి ఏదీ పంపలేదు. రెండోది మాత్రం కట్టించి హాల్లో పెట్టాం. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు అదే చూపిస్తారు, “మా మనవరాలు తీసింది” అని.

తీసింది ఎవరో చెప్పడం! అది కూడా మనం మరిచిపోయే సంగతే. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హోమై వ్యారావాలా. 1913లో పుట్టారు, 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంత ఆవిడ మొదట్లో తీసిన ఫోటోలు అచ్చయింది భర్త పేరు మీద. మన ఇళ్ళల్లో పిల్లల పుట్టినరోజు ఫోటోలు చాలావరకు తీసేది అమ్మలే. ఫోటోలో ఉండరు, ఫోటో కింద పేరూ ఉండదు. ఈసారి ఎవరైనా ఫోటో పెడితే ‘సూపర్’ కన్నా ముందు ‘ఎవరు తీశారు?’ అని అడిగి చూడండి. ఆ వంటింట్లోంచి ఒక మొహం ఎలా వెలుగుతుందో!

చివరగా ఇంకో ఫోటో గురించి చెప్పాలి. మన ఇళ్ళల్లో అన్నిటికన్నా ఎక్కువకాలం ఉండే ఫోటో అదే, దండ వేసే ఫోటో. మా దగ్గరి బంధువుల్లో ఒక పెద్దాయన హఠాత్తుగా పోయారు. పెద్దకర్మకి ఫోటో కావాలి. కొడుకులు, కోడళ్ళు, మనవలు, అందరి ఫోన్లూ వెతికారు. వేల ఫోటోలు. అందులో ఆయన ఎక్కడో వెనక వరసలో, తల వంచుకుని భోజనం చేస్తూ, ఎవరి భుజం వెనకో సగం. చివరికి ఒక పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆయన మొహం కత్తిరించి పెద్దది చేయించారు. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది. దాన్ని తీసేయడానికి స్టూడియో అతను ఎంతో అవస్థ పడ్డాడు. ఆ ఫోటో గోడ మీద ఉన్నంతకాలం ఆయన భార్య దాన్నే చూసుకుంటూ ఉండాలి. ఇన్నేళ్ళలో ఇన్ని ఫోటోల కింద ఇన్ని ‘సూపర్’లు పెట్టాం కదా, ఒక్కరైనా ‘పెదనాన్న మొహం సరిగ్గా రాలేదు, ఇంకోటి తీయండి’ అని ఉంటే ఎంత బాగుండేది!

ఈ సంగతి మా వాడికి చెప్పాను. అప్పటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా, ముహూర్తానికి గంట ముందు, మండపంలో వెలుతురు మెత్తగా పడే ఒక మూల చూసుకుని కుర్చీ వేస్తాడు. రెండు వైపులా ఉన్న పెద్దవాళ్ళందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, ఒక్కో ఫోటో తీస్తాడు. దానికి వేరే డబ్బులు తీసుకోడు. ఆల్బంలో చివరి రెండు పేజీలు వాళ్ళవే. ఇప్పుడు ఆ రెండు పేజీలు చూసి పిలుస్తున్నారు వాడిని. ఈ మాఘమాసంలో నాలుగు పెళ్ళిళ్ళు చేశాడు. బ్యాంకు అప్పు సగానికి వచ్చింది. అక్క నానుతాడు ఇంకా ఇంటికి రాలేదు. మా బావగారు కొడుకుతో ఇంకా నేరుగా మాట్లాడట్లేదు కానీ, మొన్న వాడు లేనప్పుడు ఆల్బం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ చివరి రెండు పేజీలు చాలాసేపు చూశారట. “ఈ ముసలాయన బాగా వచ్చాడే” అన్నారట అక్కతో. అక్క ఆ మాట ఫోన్‌లో నాకు రెండుసార్లు చెప్పింది.

‘బాగుంది’ అని మాత్రమే అనలేదు చూడండి, ఏది బాగుందో చెప్పారు! ఆ మాటని కొడుక్కి చేర్చే పని ఎప్పటిలాగే అక్కదే.

నిన్న రాత్రి వాడు మురికిపూడి పెళ్ళి ఫోటోలు పంపాడు, అడగకుండానే పది ఏరి మరీ. ఫోన్‌లో చూడకు పిన్నీ, ల్యాప్‌టాప్‌లో చూసి చెప్పు అని కింద రాశాడు. ఇవాళ మధ్యాహ్నం పనయ్యాక కూర్చోవాలి. మీ ఇళ్ళల్లో కూడా ఇలా అడిగే పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళకి ఏం చెబుతారో, ఎలా చెబుతారో నాకూ రాయండి, నేర్చుకుంటాను.